కొత్త ఇంజన్ - పాత ఇరుసు

బండికి బలం ఎడ్లలో ఉంటుంది. భద్రత ఇరుసులో ఉంటుంది. పాత ఎడ్ల స్థానంలో బలమైన కొత్త జతను కట్టదలచిన రైతు ముందుగా బండి ఇరుసును పరిశీలించేవాడు. ఎడ్లు ఎంత బలమైనవైనా ఇరుసు విరిగిననాడు బస్తాలు దారిపాలవుతాయి. యంత్రవాహనాలు వచ్చిన తరువాత కూడా ఈ సత్యం మారలేదు. ఇంజన్ మార్చదలచిన ప్రతి పాత కారు ముందూ ఇదే ప్రశ్న నిలుస్తుంది: కొత్త ఇంజన్ బలాన్ని పాత వెనుక ఇరుసు భరించగలదా?

ఇది కేవలం కుతూహలం కొద్దీ పుట్టిన ప్రశ్న కాదు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో కొన్ని దశాబ్దాలపాటు అంబాసిడర్ కారు, జీపు ఎందరికో జీవనాధారాలయ్యాయి. పెండ్లి బృందాలను, రోగులను, సంతకు వెళ్ళేవారిని అవే చేరవేశాయి. అటువంటి వాహనం ఇరుసు ఘాట్ రోడ్డు మలుపులో విరిగితే ప్రమాదంలో పడేది యజమాని పెట్టుబడి ఒక్కటే కాదు, అందులో కూర్చున్నవారి ప్రాణాలు కూడా.

అంబాసిడర్ కారుకు మూలం ఇంగ్లండులో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు. హిందుస్థాన్ మోటార్స్ సంస్థ దానిని పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా కర్మాగారంలో 1950ల చివరి నుండి 2014 మే నెల వరకు తయారుచేసింది. ఇంత సుదీర్ఘమైన కాలంలో కారు రూపురేఖలు పెద్దగా మారలేదు. వెనుకభాగంలో కమాన్ కట్టలపై అమర్చిన దృఢమైన ఇరుసు అనే ఏర్పాటు కూడా చివరి వరకు కొనసాగింది. మారుతూ వచ్చినది ఇంజన్. మొదటి కార్లలో 1476 ఘనసెంటీమీటర్ల పాత తరహా పెట్రోలు ఇంజన్ ఉండేది. 1959లో దాని స్థానాన్ని 1489 ఘనసెంటీమీటర్ల ఇంజన్ ఆక్రమించింది. 1980 ప్రాంతంలో దాదాపు 37 అశ్వసామర్థ్యం గల డీజిల్ ఇంజన్ వచ్చింది. 1990ల తొలినాళ్ళలో జపాన్‌కు చెందిన ఇసుజు సంస్థ రూపకల్పన చేసిన 1.8 లీటర్ల పెట్రోలు ఇంజన్‌ను, ఐదు గేర్ల పెట్టెను అమర్చారు. దీని సామర్థ్యం దాదాపు 75 అశ్వసామర్థ్యం. అంటే ఇంజన్ మార్పిడి అనే ప్రయోగాన్ని మొదట చేసినది వీధిలోని మెకానిక్ కాదు, తయారీ సంస్థే.

సంస్థ లెక్కలు కట్టి, పరీక్షలు జరిపి చేసిన పనిని వాహన యజమానులు అవసరం కొద్దీ చేశారు. పెట్రోలు కంటే డీజిల్ ధర చాలా తక్కువగా ఉన్న కాలంలో కిరాయికి తిరిగే పెట్రోలు కారు యజమానికి గిట్టుబాటయ్యేది కాదు. అందువల్ల దేశంలోని అనేక పట్టణాల్లో పాత అంబాసిడర్ల పెట్రోలు ఇంజన్లను తీసి డీజిల్ ఇంజన్లను, ముఖ్యంగా మటడార్ వ్యాన్ల ఇంజన్లను అమర్చే పద్ధతి వ్యాపించింది. పెట్రోలు జీపులు కూడా ఇదే బాట పట్టాయి. ఇంజన్ మారింది, గేర్ల పెట్టె కొన్నిసార్లు మారింది, ఇరుసు మాత్రం చాలా వాహనాల్లో పాతదే మిగిలింది.

ఆ పాత ఇరుసు ఏ పని చేస్తుందో ముందుగా తెలుసుకోవాలి. ఇంజన్ నుండి వెలువడిన భ్రమణం గేర్ల పెట్టె గుండా, పొడవైన ప్రొపెల్లర్ షాఫ్టు గుండా వెనుకకు చేరుతుంది. అక్కడ పినియన్ అనే చిన్న పళ్ళచక్రం క్రౌన్ అనే పెద్ద పళ్ళచక్రాన్ని త్రిప్పుతుంది. ఈ జత వేగాన్ని తగ్గించి బలాన్ని పెంచుతుంది. భ్రమణ దిశను తొంభై డిగ్రీలు మళ్ళిస్తుంది. క్రౌన్‌కు బిగించిన డిఫరెన్షియల్ మలుపులో రెండు చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరిగే వీలు కల్పిస్తుంది. అక్కడి నుండి రెండు ఇరుసు కడ్డీలు చెరొక చక్రానికి బలాన్ని అందజేస్తాయి. వీటన్నింటినీ కప్పి ఉంచే ఉక్కు పెట్టె వాహనపు వెనుక బరువును మోస్తుంది. కావున ఇరుసుపై పడే భారం రెండు విధాలు. మొదటిది త్రిప్పే బలం. రెండవది మోసే బరువు.

త్రిప్పే బలాన్ని శాస్త్ర పరిభాషలో టార్క్ అంటారు. ఇరుసు విషయంలో గమనించవలసినది ఇంజన్ అశ్వసామర్థ్యాన్ని కాదు, టార్క్‌ను. సామర్థ్యం అనేది టార్క్, భ్రమణ వేగాల లబ్ధం. సమాన సామర్థ్యం గల రెండు ఇంజన్లలో నెమ్మదిగా తిరిగే దానికి టార్క్ ఎక్కువ. పళ్ళచక్రాల పళ్ళను వంచేదీ, ఇరుసు కడ్డీని మెలిపెట్టేదీ ఈ టార్కే. డీజిల్ ఇంజన్ సాధారణంగా తక్కువ వేగంలోనే ఎక్కువ టార్క్‌ను ఇస్తుంది. అంతేకాదు, పాత పెట్రోలు ఇంజన్లలో సంపీడన నిష్పత్తి ఏడెనిమిది ఉంటే, ఆనాటి డీజిల్ ఇంజన్లలో అది ఇరవైకి పైగా ఉండేది. అందువల్ల ప్రతి పేలుడుతోనూ వెలువడే కుదుపు మరింత తీవ్రంగా ఉండి ఇరుసు వరకు చేరుతుంది.

ఒక ఉదాహరణతో ఈ విషయం స్పష్టమవుతుంది. ఒక పాత కారు ఇంజన్ గరిష్ఠ టార్క్ 110 న్యూటన్ మీటర్లు, మొదటి గేరు నిష్పత్తి 3.8, క్రౌన్ పినియన్ నిష్పత్తి 4.5 అనుకుందాం. మూడింటినీ గుణిస్తే ఇరుసు కడ్డీలకు చేరే మొత్తం టార్క్ 1881 న్యూటన్ మీటర్లు. ఇంజన్‌ను మార్చి 140 న్యూటన్ మీటర్ల టార్క్ గలదానిని అమర్చితే ఆ మొత్తం 2394 అవుతుంది. అంటే నాలుగవ వంతుకు పైగా పెరుగుదల. ఈ లెక్కను మాత్రమే చూసినవారు పాత ఇరుసు తప్పక విరుగుతుందని భావిస్తారు.

అయితే లెక్కకు రెండవ వైపు కూడా ఉంది. చక్రం నేలను పట్టుకొని ఉన్నంతవరకే ఇరుసు కడ్డీపై బలం నిలుస్తుంది. ఆ పట్టు తప్పితే చక్రం ఉన్నచోటనే గిర్రున తిరుగుతుంది. కడ్డీపై భారం అంతటితో ఆగిపోతుంది. నేల పట్టు చక్రంపై ఉన్న బరువును, ఘర్షణ గుణకాన్ని బట్టి ఉంటుంది. పై కారు వెనుక చక్రాలపై 700 కిలోల బరువు ఉన్నదనీ, పొడి తారురోడ్డుపై ఘర్షణ గుణకం 0.8 అనీ, చక్ర వ్యాసార్ధం 0.32 మీటర్లు అనీ అనుకుంటే, నేల భరించగల గరిష్ఠ టార్క్ 1756 న్యూటన్ మీటర్లు మాత్రమే. పాత ఇంజనే ఈ హద్దును దాటగల స్థితిలో ఉంది. కొత్త ఇంజన్ 2394 న్యూటన్ మీటర్లు ఇవ్వజూపినా, చక్రం జారుతుందే తప్ప ఇరుసు కడ్డీలకు 1756ను మించిన స్థిరమైన భారం కలుగదు. ఇంజన్ ఇవ్వగలిగినది, నేల పట్టుకోగలిగినది - ఈ రెండింటిలో ఏది తక్కువో అదే ఇరుసు మోసే బలం. ఒక మోస్తరు పెద్ద ఇంజన్‌ను అమర్చిన పాత కార్లలో అనేకం ఏళ్ళ తరబడి నడవడానికి కారణం ఈ సూత్రమే.

ఇదే సూత్రం మరొక హెచ్చరిక కూడా చేస్తుంది. వెనుక చక్రాలపై బరువు 700 కిలోల నుండి 1100 కిలోలకు పెరిగితే నేల పట్టు 2760 న్యూటన్ మీటర్లకు చేరుతుంది. అప్పుడు చక్రం జారదు. కొత్త ఇంజన్ ఇచ్చే 2394 న్యూటన్ మీటర్లూ ఏ మినహాయింపూ లేకుండా ఇరుసుపై పడతాయి. పైగా పెరిగిన బరువు కూడా ఇరుసు పెట్టెను, బేరింగులను నొక్కుతుంది. పెద్ద ఇంజన్ ఒక్కటే వచ్చినప్పుడు ఓర్చుకున్న ఇరుసు, పెద్ద ఇంజన్, అధిక బరువు కలిసి వచ్చినప్పుడు ఓడిపోతుంది. ఐదుగురు కూర్చోవలసిన వాహనంలో పదిమందిని ఎక్కించి, పైన మూటలు కట్టే అలవాటు ఇంజన్ మార్పిడి కంటే ప్రమాదకరమైనదని ఈ అంకెలు నిరూపిస్తున్నాయి.

ఉత్తరాంధ్ర భూస్వరూపం ఈ సమస్యకు రెండు ముఖాలను కల్పించింది. ఒకవైపు భోగాపురం, శ్రీకాకుళం, టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం మీదుగా సాగే జాతీయ రహదారి దాదాపు సమతలమైనది. మరొకవైపు 2022 ఏప్రిల్ నుండి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్న సాలూరు నుండి ఒడిశాలోని కొరాపుట్ వైపు సాగే మార్గం తూర్పు కనుమలను ఎక్కుతుంది. పాలకొండ దాటి సీతంపేట మన్యంలోకి వెళ్ళే దారులూ కొండదారులే. కొండ ఎక్కడమే ఇరుసును విరుస్తుందని చాలామంది నమ్మకం. లెక్క మరొక విధంగా చెబుతుంది. మొత్తం 1700 కిలోల బరువు గల కారు పదింట ఒకటి వాలు గల దారిని నిలకడగా ఎక్కడానికి వాలు నిమిత్తం అవసరమయ్యే టార్క్ ఇరుసు వద్ద దాదాపు 533 న్యూటన్ మీటర్లు మాత్రమే. ఇది పైన చెప్పిన హద్దులో మూడవ వంతు కూడా కాదు.

మరి ఇరుసులు కొండదారుల్లో విరగడానికి కారణమేమి? నిలకడైన బలం కాదు, హఠాత్తుగా పడే దెబ్బ. ఏటవాలులో ఆగిన వాహనాన్ని కదిలించడానికి ఇంజన్‌ను వేగంగా త్రిప్పి క్లచ్‌ను ఒక్కసారిగా వదిలినప్పుడు, ఫ్లైవీల్‌లో నిలువ ఉన్న శక్తి అంతా ఒక్క క్షణంలో ఇరుసుపై విరుచుకుపడుతుంది. అప్పటి టార్క్ ఇంజన్ గరిష్ఠ టార్క్ లెక్కను కూడా మించిపోగలదు. డీజిల్ ఇంజన్ ఫ్లైవీల్ సాధారణంగా బరువైనది కావడం వల్ల ఈ దెబ్బ మరింత గట్టిది. బురదలో గిర్రున తిరుగుతున్న చక్రానికి అకస్మాత్తుగా రాతి పట్టు దొరికినప్పుడు కూడా ఇదే జరుగుతుంది. కొండ దిగేటప్పుడు మరొక ఇబ్బంది ఉంది. ఇంజన్‌తో వేగాన్ని అదుపు చేస్తున్నప్పుడు బలం చక్రాల నుండి ఇంజన్ వైపు ప్రవహిస్తుంది. అప్పుడు క్రౌన్ పళ్ళకు వెనుకవైపు ముఖాలు పనిచేస్తాయి. ముందుకు నడిపే బలం కోసం తీర్చిదిద్దిన పళ్ళకు ఇది అంత అనుకూలమైన స్థితి కాదు.

ఇరుసుల నిర్మాణంలోనూ తేడాలున్నాయి. లారీ వెనుక ఇరుసులో చక్రం బరువును ఇరుసు పెట్టె గొట్టమే మోస్తుంది. కడ్డీకి త్రిప్పడం తప్ప వేరే పని లేదు. అందువల్ల లారీ తన చక్రాలపై నిలిచి ఉండగానే మరలు విప్పి కడ్డీని బయటకు లాగవచ్చు. లారీల వ్యాపారానికి పేరుపొందిన సాలూరు వంటి పట్టణాల్లో ఈ దృశ్యం సర్వసాధారణం. జీపు వెనుక ఇరుసు అటువంటిది కాదు. అందులో కడ్డీ త్రిప్పే బలంతోపాటు చక్రం బరువును కూడా మోస్తుంది. లారీలో కడ్డీ విరిగితే వాహనం ఆగిపోతుంది. జీపులో కడ్డీ చివర విరిగితే చక్రమే ఊడిపోయే ప్రమాదం ఉంది. ఒకే రకమైన లోపానికి ఒకచోట ఆలస్యం, మరొకచోట ప్రాణాపాయం ఫలితాలు. కాబట్టి ఏ ఇరుసు ఎంత భరిస్తుందని అడగడంతోపాటు, విఫలమైతే ఏమవుతుందని కూడా అడగాలి.

కడ్డీ బలం దాని వ్యాసపు ఘనానికి అనులోమానుపాతంలో ఉంటుంది. 30 మిల్లీమీటర్ల కడ్డీ స్థానంలో అదే ఉక్కుతో చేసిన 33 మిల్లీమీటర్ల కడ్డీని వాడితే వ్యాసం పది శాతమే పెరిగినా బలం 33 శాతం పెరుగుతుంది. ఈ నియమాన్ని తిరగవేసి చూస్తే, తుప్పు వల్లనో అరుగుదల వల్లనో కడ్డీ కొద్దిగా సన్నబడినా బలం గణనీయంగా తగ్గుతుంది. దీనికి లోహపు అలసట తోడవుతుంది. ఒక ఇనుప తీగను ఒకసారి వంచితే విరగదు. పదేపదే వంచితే విరుగుతుంది. నలభై ఏళ్ళు తిరిగిన ఇరుసు కడ్డీ లక్షలాది మెలికలను అనుభవించి ఉంటుంది. గాడులు చెక్కిన చోట, మూల మలుపుల్లో కంటికి కనిపించని పగుళ్ళు పుట్టి క్రమంగా లోపలికి పాకుతాయి. అందువల్ల తయారైననాడు కొత్త ఇంజన్‌ను సునాయాసంగా భరించగలిగిన ఇరుసు ఈనాడు భరించలేకపోవచ్చు. చాలా సందర్భాల్లో ఇరుసును ఓడించేది కొత్త ఇంజన్ బలం కంటే పాత ఇరుసు వయస్సే.

బలం సరిపోయినా నిష్పత్తి సరిపోకపోవచ్చు. పాత పెట్రోలు జీపుల క్రౌన్ పినియన్ నిష్పత్తి దాదాపు 5.38. అంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి ప్రొపెల్లర్ షాఫ్టు ఐదు చుట్లకు పైగా తిరగాలి. వేగంగా తిరగగల పెట్రోలు ఇంజన్‌కు అది తగినది. నెమ్మదిగా తిరిగే డీజిల్ ఇంజన్‌ను దానికి జతచేస్తే ఘాట్ రోడ్డుపై వాహనం చక్కగా ఎక్కుతుంది కాని, సమతలమైన రహదారిపై ఇంజన్ అరుపే తప్ప వేగం ఉండదు. నిష్పత్తిని తగ్గిస్తే రహదారిపై హాయిగా సాగుతుంది, కొండపై ఆయాసపడుతుంది. వాహనం ఎక్కువగా ఏ దారిలో తిరుగుతుందో నిర్ణయించుకున్న తరువాతనే నిష్పత్తిని ఎంచుకోవడం వివేకం.

అనుభవజ్ఞులైన మెకానిక్‌లు ఇంజన్‌ను దించకముందే ఇరుసును విప్పి చూస్తారు. పాత ఆయిల్‌ను తీసి అందులో లోహపు రజను ఉన్నదేమో గమనిస్తారు. క్రౌన్ పళ్ళకు రంగు పూసి త్రిప్పి, పళ్ళు ఎక్కడ ఒరుసుకుంటున్నాయో పరీక్షిస్తారు. రెండు పళ్ళ నడుమ ఉండవలసిన ఆటను కొలుస్తారు. కడ్డీ చివరి గాడులు తిన్నగా ఉండక మెలి తిరిగి కనిపిస్తే, ఆ కడ్డీ అప్పటికే తన హద్దును దాటిందని గ్రహించి పక్కన పెడతారు. రంగు ద్రవాన్ని పూసి తుడిచి, పగుళ్ళలో మిగిలిన రంగును బట్టి దాగిన లోపాన్ని కనిపెట్టే పరీక్ష కూడా ఉంది. దీనికయ్యే ఖర్చు ఇంజన్ ఖరీదుతో పోలిస్తే స్వల్పం. అయినా చాలామంది ఈ దశను దాటవేస్తారు. ఇంజన్ కళ్ళకు కనిపిస్తుంది, చెవులకు వినిపిస్తుంది; ఇరుసు బురద కింద మౌనంగా ఉంటుంది.

బ్రేకుల సంగతిని కూడా విస్మరించరాదు. బరువైన డీజిల్ ఇంజన్ ముందుభాగంపై భారాన్ని పెంచుతుంది. వేగం పెరిగితే ఆపడానికి కావలసిన శక్తి వేగపు వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. పాత ఇరుసుతోపాటు పాత డ్రమ్ బ్రేకులు కూడా మిగిలిపోయిన వాహనంలో, ఇరుసు భరించినా బ్రేకులు భరించకపోవచ్చు. పరుగెత్తించే శక్తిని పెంచినవారు ఆపే శక్తిని కూడా పెంచి తీరాలి.

చట్టం దృష్టిలో కూడా ఇంజన్ మార్పిడి యజమాని ఇష్టానికి వదిలిన విషయం కాదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు పేర్కొన్న వివరాలకు భిన్నమయ్యే విధంగా వాహనాన్ని మార్చరాదు. సర్వోన్నత న్యాయస్థానం 2019 జనవరిలో ఈ నియమాన్ని మరింత స్పష్టపరచింది. రిజిస్ట్రేషన్ పత్రంలో ఒక ఇంజన్, బానెట్ కింద మరొక ఇంజన్ ఉన్న వాహనం ప్రమాదానికి గురైతే బీమా పరిహారం విషయంలో చిక్కులు తప్పవు. ఇక 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్ళు దాటిన వ్యక్తిగత వాహనాలకు పురాతన వాహనాలుగా ప్రత్యేక రిజిస్ట్రేషన్ లభిస్తుంది. అందుకు వాహనం మూలరూపంలో ఉండాలి. చట్రంలో గాని, బాడీలో గాని, ఇంజన్‌లో గాని గణనీయమైన మార్పులు జరిగి ఉండరాదు. ఒకనాడు బ్రతుకుతెరువు కోసం ఇంజన్ మార్చిన కారు ఈనాడు ఆ గౌరవానికి దూరమవుతుంది. అది ఆ యజమాని తప్పు కాదు. అతనికి ఆనాడు కావలసినది పురాతన వస్తువు కాదు, సాయంత్రానికి ఇంట్లో పొయ్యి వెలిగించే వాహనం.

కావున పాత ఇరుసు కొత్త ఇంజన్‌ను భరించగలదా అనే ప్రశ్నకు అవుననిగాని, కాదనిగాని ఒక్కమాటలో సమాధానం చెప్పడం సరికాదు. టార్క్‌లో పెరుగుదల మితంగా ఉండి, ఇరుసు ఆరోగ్యంగా ఉండి, బరువు హద్దులో ఉండి, డ్రైవర్ క్లచ్‌ను మెల్లగా వదిలేవాడైతే అది భరిస్తుంది. వీటిలో ఏ ఒక్కటి లోపించినా కొత్త ఇంజన్ మాట అటుంచి, పాత ఇంజన్‌నే భరించలేకపోవచ్చు. యంత్రమంతటి బలం అందులోని అతి బలహీనమైన భాగం బలానికి మించదు. ఆ భాగం ఏదో విప్పి చూసి, లెక్క కట్టి తెలుసుకొన్న తరువాత చేసే మార్పే మార్పు. తక్కినది వాహనంలో ఎక్కేవారి నమ్మకంతో ఆడే జూదం.